కోరుకొండ రాయి చెప్పే భూకంపాల కథ

రాజమహేంద్రవరం గోకవరం బస్టాండులో బస్సెక్కి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు పోతే మెట్ట పొలాల మధ్య నిటారుగా లేచిన కొండ కనిపిస్తుంది. కొండ కొమ్మున లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆరు వందలకు పైగా మెట్లు. చాలాచోట్ల అవి ఎంత నిట్రంగా ఉంటాయంటే పైమెట్టు చేత్తో పట్టుకుని ఎక్కేవాళ్లే ఎక్కువ. పరాశర భట్టరు తపస్సుకు మెచ్చి స్వామి ఇక్కడ వెలిశాడని స్థలపురాణం. కాకతీయుల రాజ్యం కూలిపోయాక 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు కోరుకొండ కేంద్రంగా గోదావరి సీమను ఏలాడని చరిత్ర. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి స్వామి కల్యాణం జరుగుతుంది. కోరుకొండ తీర్థమంటే రెండు గోదావరి జిల్లాల మెట్ట జనానికి ఇప్పటికీ పెద్ద పండగే.

ఆ తీర్థానికి వచ్చే వేలమందిలో ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగనివాళ్లు అరుదు. అలా ఆగినప్పుడు పక్కనున్న బండను ఒకసారి పరిశీలనగా చూడండి. ఎండకు, వానకు గురైన పైభాగం తుప్పు రంగులో ఉంటుంది. ఎక్కడైనా పెచ్చు ఊడిన చోట లోపలి రాయి బయటపడుతుంది. తెలుపు, బూడిద రంగు చారలు వంకరలు తిరిగి ఉంటాయి. కొండల పుట్టుక తెలిసిన కన్నయితే ఇలాంటి రాళ్లలో ముందుగా రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రని గింజల కోసం వెతుకుతుంది. అవి గార్నెట్లు. ఉంగరాల్లో పొదిగే గోమేధికం కూడా ఆ ఖనిజ కుటుంబంలోదే. ఇక్కడి కొండలు తూర్పు కనుమల శిలాకుటుంబానికి చెందినవి. ఖొండలైట్, చార్నకైట్ ఆ కుటుంబంలో పేరున్న రాళ్లు. ఒడిశా, ఆంధ్ర కొండల్లో బతికే ఖోండుల పేరు మీదుగానే మొదటిదానికి ఆ పేరు పెట్టారు.

గార్నెట్ ఉన్న ఈ రకం రాయి నేల పైన తయారు కాదు. పాతిక ముప్పై కిలోమీటర్ల లోతున, ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిలో, తలమీద పర్వతాల బరువు మోస్తూ తయారవుతుంది. ఒకప్పుడు బంకమట్టి, ఇసుకగా ఉన్న పొరలు అంత లోతుకు దిగాయంటే, వాటిని అక్కడికి నెట్టిన బలం ఏదో ఉండాలి. ఆ బలం పేరు భూమి పలకల ఢీ. సుమారు నూరు కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరం ఇప్పటి తూర్పు అంటార్కిటికా నేలను ఢీకొంది. రెండు ఖండాల మధ్య నలిగిన నేల ముడతలు పడి పర్వతశ్రేణిగా లేచింది. ఈ కోట్ల ఏళ్లలో పైభాగమంతా అరిగిపోయింది. మిగిలింది ఆ పర్వతాల వేరు. పాపికొండల నుంచి అన్నవరం కొండ దాకా, అక్కడి నుంచి సింహాచలం దాకా మనం దండం పెట్టుకునే కొండల్లో చాలావాటిది ఈ పుట్టుకే.

ఇప్పుడు భూకంపం ఊసెత్తితే మనకు వెంటనే గుర్తొచ్చేవి హిమాలయాలు, జపాను, అండమాను. గోదావరి జిల్లాలు గుర్తుకు రావు, రావలసిన అవసరమూ పెద్దగా లేదు. కానీ కోరుకొండ నిలబడ్డ చోటు ఒకనాడు సరిగ్గా అలాంటి అంచే. ఇక్కడి నుంచి ముప్పై నలభై కిలోమీటర్ల లోపే, గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా, భూమి పలకలు ఢీకొనడం, విడిపోవడం, అడుగు నుంచి నిప్పు పైకి తన్నుకురావడం మూడూ రాళ్లలో కనిపిస్తాయి. దేశంలో ఇంత దగ్గర దగ్గరగా ఇవి కుదిరిన చోట్లు తక్కువ.

భూమి పైపొర ఒకే ముక్క కాదు. ఏడెనిమిది పెద్ద పలకలు, ఇంకొన్ని చిన్న పలకలు. కింద మెత్తబడిన వేడి రాతిమీద ఇవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి. మన పలక ఇప్పుడు ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యంగా పోతోంది. పలక నడక సాఫీగా సాగితే భూకంపాలే ఉండవు. అంచులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. పలక మాత్రం ఆగదు. దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు అంచు దగ్గర రాయి వంగుతూ ఒత్తిడిని దాచుకుంటుంది. ఓర్చుకోలేని రోజున ఒక్క నిమిషంలో జారిపోతుంది. ఆ జారుడే భూకంపం. ప్రపంచంలో వచ్చే కంపాల్లో సుమారు 90 శాతం పసిఫిక్ మహాసముద్రం చుట్టూ ఉన్న అంచుల మీదే పుడతాయి.

అగ్నిపర్వతం లెక్క వేరు. అది పుట్టాలంటే కదలిక ఒక్కటే చాలదు, లోపల రాయి కరగాలి. సముద్రం అడుగు పలక ఇంకో పలక కిందికి దిగుతున్నప్పుడు తనతో నీటిని కూడా లోపలికి మోసుకుపోతుంది. ఆ నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అక్కడ అగ్నిపర్వతాల వరస లేస్తుంది. పలకలు విడిపోయే చోట అడుగురాయి మీద ఒత్తిడి తగ్గి కరుగుతుంది, సముద్రం మధ్య కొత్త నేల పుడుతుంది. ఖండమూ ఖండమూ ఢీకొన్న చోట మాత్రం భూకంపాలు వస్తాయి గానీ నిప్పు పైకి రాదు. అందుకే 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో నేపాల్ కుప్పకూలింది. ఆ హిమాలయాల్లో మాత్రం లావా కక్కే కొండ ఒక్కటీ లేదు. పలకలు పక్కపక్కనే రాసుకుపోయే చోటా అంతే. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ కాలిఫోర్నియా ఫ్రీమాంట్ మీదుగా హేవర్డ్ పగులు పోతుంది. పెద్దగా కుదపకుండానే అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంటుంది. హేవర్డ్ ఊళ్లో ఒక వీధి అంచు రాళ్లు ఆ జరుగుడుకు వరస తప్పాయి. దశాబ్దాలపాటు శాస్త్రవేత్తలు వాటిని ఫొటోలు తీస్తూ వచ్చారు.

కోరుకొండ పైనుంచి దక్షిణంగా చూస్తే నేల క్రమంగా వాలి డెల్టాలో కలిసిపోతుంది. ఆ వాలుకు కారణం ఈ రాతి కథలో రెండో ఘట్టం, పలకలు విడిపోవడం. ఢీకొని అతుక్కున్న భారత్, అంటార్కిటికా కోట్ల ఏళ్లు కలిసే ఉన్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోవడం మొదలైంది. ఆ చీలికలో నేల మెట్లు మెట్లుగా కుంగింది, సముద్రం లోపలికి వచ్చింది, నదులు తెచ్చిన ఒండ్రు ఆ గుంటల్లో కిలోమీటర్ల మందాన పేరుకుంది. దాన్నే మనం కృష్ణా–గోదావరి బేసిన్ అంటున్నాం. రాజోలు, నర్సాపురం వైపు చేల మధ్య కనిపించే ఓఎన్‌జీసీ గ్యాసు బావులు ఆ చీలిక పుణ్యమే. అటు అంటార్కిటికాలో మన దేశం 2012లో ప్రారంభించిన ‘భారతి’ పరిశోధన కేంద్రం లార్స్‌మన్ కొండల్లో ఉంది. అక్కడి రాళ్లకూ మన తూర్పు తీరపు రాళ్లకూ పోలిక ఉండటం ఆ చోటు మీద శాస్త్రవేత్తల ఆసక్తికి ఒక కారణం. కోరుకొండ మెట్ల పక్క రాయికి దగ్గర బంధువు ఇప్పుడు మంచు ఖండంలో ఉందన్నమాట.

మూడో ఘట్టం కోసం కొండ దిగాలి. రాజమహేంద్రవరాన్ని ఆనుకుని కాటేరు ఉంది. గోదావరి దాటితే కొవ్వూరు నుంచి దేవరపల్లి పోయే దారిలో పంగిడి, గౌరీపట్నం, ఆ చుట్టుపక్కల దుద్దుకూరు. ఈ ఊళ్ల క్వారీల్లో దొరికేది గార్నెట్ గింజల కొండరాయి కాదు, నల్లరాయి. క్రషర్లలో కంకరగా మారి గోదావరి జిల్లాల రోడ్ల కిందికీ ఇళ్ల శ్లాబుల్లోకీ పోయే రాయి ఇదే. చేతిలోకి తీసుకుంటే చిన్నముక్క కూడా బరువనిపిస్తుంది. గింజ కంటికి ఆనదు. విరిచిన చోట నున్నగా, నీలి ఛాయ నలుపులో ఉంటుంది. పొర పైభాగంలోనైతే చిన్నచిన్న బుడగల గుంతలు, వాటిలో కొన్నింటిని నింపిన తెల్లని ఖనిజం కనబడుతుంది. చల్లబడుతున్న లావాలోంచి వాయువు పైకి పోతూ ఆ గుంతలు మిగిల్చింది.

గోదావరి ఒడ్డున లావా ఎలా వచ్చిందన్న ప్రశ్నకు రెండు శతాబ్దాల వయసుంది. మద్రాసు ప్రభుత్వ వైద్యుడు బెంజా 1835లో ఉత్తర సర్కారుల్లో తిరిగి తాను చూసిన రాళ్ల గురించి రాశాడు. నాగపూరులో ఉంటూ రాళ్లు, శిలాజాలు సేకరించిన క్రైస్తవ బోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లో అచ్చయిన తన వ్యాసంలో రాజమండ్రి శిలాజాలను కూడా చేర్చాడు. 1880లో విలియం కింగ్ గోదావరి జిల్లా తీరపు పొరలను భూవిజ్ఞాన సర్వే తరఫున వివరంగా రికార్డు చేశాడు. ఇక్కడెక్కడా అగ్నిపర్వతపు నోరు కనిపించలేదు. దక్కను పీఠభూమి నల్లరాయి ఉన్న ప్రాంతపు తూర్పు కొస కూడా ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. మరి ఈ రాయి ఇక్కడే పుట్టిందా, అక్కడి నుంచి వచ్చిందా?

జవాబు రాతి రసాయనంలో, వయసులో, అయస్కాంతంలో దొరికింది. కాటేరు, పంగిడి రాళ్ల వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. వాటి రసాయనిక కూర్పు సహ్యాద్రిలోని అంబెనళి, మహాబలేశ్వరం లావా పొరలతో సరిపోయింది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప కణాలు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టి ఉంచుతాయి. ఇక్కడి కింది పొరల్లో ఆ దిశ ఇప్పటికి తలకిందులుగా ఉంది, పై పొరల్లో ఇప్పటిలాగే ఉంది. అంటే ఆ రెండింటి మధ్య భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యాయి. సహ్యాద్రిలోనూ ఆ కాలపు పొరల్లో అదే మార్పు నమోదైంది. పశ్చిమ కనుమల్లో పుట్టిన లావా అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడ సముద్రంలో పడిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అదే నిజమైతే భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే. త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి కంటే ముందే నిప్పు ఆ దారి పట్టిందని ఊహించుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? కాచిన పాల మీద మీగడ కట్టాక కింది పాలు చాలాసేపు వేడిగానే ఉంటాయి. లావా మీద కూడా ముందు పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు లోపలి వేడిని బయటికి పోనివ్వదు. వెనక నుంచి వచ్చే కొత్త లావా ఆ పెచ్చును పైకి ఎత్తుతూ లోపలి దారిలో ముందుకు పారుతుంది. ఇలా నెలలు, సంవత్సరాలు సాగే ప్రవాహానికి వెయ్యి కిలోమీటర్లు అసాధ్యమైన దూరం కాదు.

ఇక్కడి నల్లరాయి పొరల మధ్య ఇంకో వింత ఉంది. లావా ఒకసారి పారి, ఆగి, చాలాకాలం తర్వాత మళ్లీ పారింది. ఆ విరామంలో ఈ చోటు సముద్రపు పల్లమో ఉప్పుటేరో అయింది. అందులో పేరుకున్న సున్నపురాయి రెండు నల్లపొరల మధ్య పట్టీలా నిలిచింది. క్వారీ గోడలో ఆ లేతరంగు పట్టీ దూరం నుంచే తెలుస్తుంది. దానిలో ఆల్చిప్పలు, నత్తగుల్లలు, మైక్రోస్కోపులో తప్ప కనిపించని ఫొరామినిఫెరా గుల్లలు ఉన్నాయి. దుద్దుకూరు దగ్గర లావాకు కింద ఉన్న సున్నపుపొరలో సన్నని పొడవాటి మెలికల గుల్లలు దొరుకుతాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల్లో పొరలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించింది. మధ్యపట్టీలోని సూక్ష్మగుల్లలు డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలానివని, కింది లావా ఆ వినాశన సమయానికి దగ్గరదని వారి నిర్ధారణ. మెక్సికోలో పడ్డ ఉల్క ఒక్కటే డైనోసార్లను తుడిచిపెట్టిందా, దక్కను లావా విడిచిన వాయువులకూ అందులో భాగం ఉందా అన్న వాదం ఇంకా తెగలేదు. ఆ వాదంలో సాక్ష్యాలుగా నిలిచిన రాళ్లు కొవ్వూరు పొలిమేరల్లో ఉన్నాయన్న సంగతి మన బళ్లలో పిల్లలకు చెప్పాలని నా కోరిక.

ఈ లావా తీరం దగ్గర ఆగలేదు. ఓఎన్‌జీసీ డెల్టాలో తవ్విన బావుల్లో కిలోమీటర్ల లోతున ఇదే నల్లరాయి తగిలింది. భూవిజ్ఞానులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. ప్రవాహం అక్కడితోనూ ఆగక సముద్రం అడుగుకు పాకింది.

ఇంతకీ ఈ నిప్పు పలక అంచున పుట్టింది కాదు. పలకల కింద అక్కడక్కడా లోతు నుంచి వేడి పైకి లేచే చోట్లుంటాయి. వేడి చోటు దాదాపు కదలదు, పైనున్న పలక కదులుతుంది. అప్పట్లో మన పలక ఇప్పటికంటే మూడింతల వేగంతో ఉత్తరానికి పోతూ అలాంటి ఒక చోటు మీదుగా దాటింది. మనం దాటిపోయాం, నిప్పు అక్కడే ఉంది. ఆ తర్వాత అది హిందూ మహాసముద్రంలో లక్కదీవులు, మాల్దీవుల వరుసకు పునాది వేసింది. దాదాపు 80–90 లక్షల ఏళ్ల కిందట మారిషస్‌ను లేపింది. ఇప్పుడు రీయూనియన్ దీవిలో పిటాన్ దె లా ఫుర్నేజ్ పేరుతో దాదాపు ఏటా లావా కక్కుతోంది. 19వ శతాబ్దంలో గోదావరి పాయ ఒడ్డునున్న కోరంగి రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్లు చెరకుతోటల పనికి మారిషస్ వెళ్లారు. రేవు పేరుతో అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. కాటేరు నల్లరాయిని కన్న వేడే ఆ దీవినీ కన్నది. ఆ కోరంగీల మనవలు, మునిమనవలు ఇవాళ ఆ నేలమీద ఉగాది చేసుకుంటున్నారు.

ఇప్పుడు మన పలక అంచులు గోదావరికి దూరం. ఉత్తరాన హిమాలయం, తూర్పున బర్మా, అండమాన్ వరుస. దేశంలో నిప్పు కక్కుతున్న ఒకే ఒక్క కొండ బారెన్ దీవి. కోరుకొండ నుంచి ఆగ్నేయంగా సుమారు 1,400 కిలోమీటర్లు. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 354 మీటర్లు. 19వ శతాబ్దం తర్వాత నిద్రలో ఉండి 1991లో మళ్లీ మేల్కొంది. మన పలక బర్మా పలక కిందికి దిగుతుండటమే దానికి కారణం. ఆ అంచే 2004 డిసెంబర్ 26 ఉదయం 9.1 తీవ్రతతో 1,300 కిలోమీటర్ల పొడవున జారింది. అంత దూరాన నేల కదిలి లేచిన సునామీకి ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. ఆ అనుభవంతోనే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. అటు బర్మాలో, మన తాతలు రంగం అని పిలిచిన రంగూను సగాయింగ్ అనే పగులుకు దగ్గరలో ఉంది. 1930 మే 5న పెగూను నేలమట్టం చేసిన కంపానికి రంగూను రేవులో కూలి చేసుకుంటున్న వేలాది కోరంగీలూ వణికారు. 2025 మార్చి 28న మాండలేను కూల్చింది ఆ పగులే.

అంచు దూరంగా ఉంది కదా, మనకేం భయం లేదనుకోవడానికీ లేదు. నది వెంట పాత గాయం ఇంకొకటుంది. ముప్పై కోట్ల ఏళ్ల కిందట ఖండం చీలబోయి ఆగిపోయిన పల్లం ఆదిలాబాద్ వైపు నుంచి గోదావరి వెంటే దిగుతుంది. సింగరేణి బొగ్గంతా ఆ పల్లంలో పేరుకున్నదే. హిమాలయం దగ్గర పలకకు తగిలే అడ్డు ఒత్తిడిగా మారి దేశం మధ్యలోకీ పాకుతుంది. పాత పగుళ్లు బలహీనం కాబట్టి అక్కడే కదలిక వస్తుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27 గంటలకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినవి ఇలాంటివే. ములుగు కంపానికి హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. భద్రాచలం దగ్గర గుండాలలో ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. అది అగ్నిపర్వతం ఆనవాలు కాదు. లోతుకు దిగిన వాననీరు పగుళ్ల వెంట వేడెక్కి తిరిగి పైకి వస్తోంది.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర వచ్చిన 6.2 కంపం కూడా పలక నడిమధ్యదే. దాదాపు పదివేలమంది పోయారు. వాళ్లను చంపింది బురదతో పేర్చిన రాతిగోడలు, మందపాటి మట్టి కప్పులు. గోదావరి వెంట ఉన్న పట్టీలో ఎక్కువ భాగం 2002 నాటి భూకంప పటంలో మూడో మండలంలో ఉంది, అంటే ఓ మోస్తరు ప్రమాదం. డెల్టా ఒండ్రు మట్టి కుదుపును పెంచుతుంది, కోరుకొండ లాంటి గట్టి రాతినేల అంతగా పెంచదు. కోనసీమలోనో భీమవరంలోనో ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది మీద, కిటికీల పైన, కప్పు కింద చుట్టూ కాంక్రీటు బెల్టు వేయించుకుంటే అదనపు ఖర్చు కొంచెమే, రక్షణ చాలా.

చూడాలనుకునేవాళ్లకు దారి సులువు. రాజమహేంద్రవరం నుంచి గోకవరం వెళ్లే ఆర్టీసీ బస్సులు కోరుకొండలో ఆగుతాయి. మధురపూడి విమానాశ్రయం ఇదే వైపు ఉంది. మెట్లు పొద్దున్నే ఎక్కడం మేలు, ఎండెక్కితే రాయి కాలుతుంది. కాటేరు ఊరికి ఆనుకునే ఉంది. పంగిడి, గౌరీపట్నం వెళ్లాలంటే రోడ్డు కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు దాటాలి. క్వారీల్లో పేలుళ్లు జరుగుతుంటాయి. నిర్వాహకుల అనుమతి లేకుండా లోపలికి దిగవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోకండి.

తిరుమల శిలాతోరణానికి, విశాఖ ఎర్రమట్టి దిబ్బలకు జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తింపు దక్కింది. నడుమ సున్నపుపట్టీ ఉన్న ఈ నల్లరాతి గోడలు మాత్రం క్రషరుకు మేతవుతున్నాయి. కంకర మనకు కావాలి, కాదనను. కానీ కాటేరులోనో పంగిడిలోనో ఒక్క గోడను, పై పొర నుంచి కింది పొర దాకా, చుట్టూ కంచె వేసి, పక్కన తెలుగులో బోర్డు పెట్టి ఉంచమని జిల్లా యంత్రాంగాన్ని, భూవిజ్ఞాన సర్వేను అడగాల్సింది ఈ జిల్లావాళ్లమే. పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టినా చాలు.